పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్' ఎలా వినాలి: సమగ్ర మార్గదర్శి

పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పేరు చెప్పగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. నల్లటి అట్ట మీద పట్టకంలోంచి విరిసే రంగుల గీత ఒకటి, స్కూలు పిల్లలు కోరస్‌గా పాడే గోడ పాట ఇంకొకటి. 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1979 నాటి 'ద వాల్' అనే ఆ రెండు ఆల్బమ్‌ల మీద ప్రేమతో వెనక్కి వెళ్లి, 1967 నాటి తొలి ఆల్బమ్ పెట్టుకుని, సగంలోనే ఆపేసినవాళ్లను చాలామందిని చూశాను. "ఇది అదే బ్యాండా? పిల్లి మీద పాటేంటి, సైకిలు మీద పాటేంటి?" అని అడుగుతారు.

అడగడంలో తప్పులేదు. చిక్కంతా వినే పద్ధతిలో ఉంది. తర్వాతి పింక్ ఫ్లాయిడ్‌కు ఇది పసితనం అనుకుని వింటే ఇందులో లోపాలే కనిపిస్తాయి. ఇది సిడ్ బారెట్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి ఆల్బమ్. అతనికి అంతరిక్షం, పిల్లల కథల పుస్తకం వేర్వేరు లోకాలు కావు. గ్రహాల పాటకూ మరుగుజ్జు మనిషి పాటకూ ఒకే ఊహ, అవే వాయిద్యాలు, అదే ఎకో యంత్రం. ఈ ఒక్క విషయం చెవికెక్కితే పదకొండు పాటలూ ఒకే ముక్కగా వినిపిస్తాయి. అలా వినిపించేదాకా ఎలా వెళ్లాలో వరసగా చెబుతాను.

1. ముందు సరైన ప్రతి చూసుకోండి

ఈ ఆల్బమ్ బ్రిటన్‌లో 1967 ఆగస్టు మొదటి వారంలో ఈఎంఐ వారి కొలంబియా లేబుల్ మీద వచ్చింది. అందులో పదకొండు పాటలున్నాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో టవర్ రికార్డ్స్ వాళ్లు దీన్ని 'పింక్ ఫ్లాయిడ్' అనే పేరుతో వేశారు. 'ఆస్ట్రానమీ డామినీ', 'ఫ్లేమింగ్', 'బైక్' తీసేసి, సింగిల్‌గా హిట్టయిన 'సీ ఎమిలీ ప్లే'ని ముందు పెట్టి, మిగతా పాటల వరస తారుమారు చేశారు. తెరిచే పాటా లేదు, ముగించే పాటా లేదు. కాబట్టి పాత ఎల్.పి. కొనేటప్పుడు వెనక అట్ట తిప్పి చూడండి. మొదటి పాట 'ఆస్ట్రానమీ డామినీ', చివరి పాట 'బైక్' అయితేనే మీకు కావలసింది.

రెండో సంగతి మోనో (ధ్వనులన్నీ కలిసి ఒకే చోటినుంచి వచ్చేది), స్టీరియో (ఎడమ, కుడిగా విడిపోయి వచ్చేది). స్ట్రీమింగ్ యాప్‌లలో మామూలుగా దొరికేది స్టీరియో. కానీ 1967లో బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి మోనో ప్లేయర్లే, అందుకే స్టూడియోల్లో ముందు శ్రద్ధ మోనో మిక్స్ మీద పెట్టేవారు. 2007లో నలభయ్యేళ్ల సందర్భంగా వచ్చిన సీడీ సెట్‌లో రెండు మిక్సులూ ఉన్నాయి. 2018లో మోనో ఎల్.పి. విడిగా కూడా వచ్చింది. మొదటిసారి ఏది దొరికితే అది వినండి, కానీ రెండోది కూడా వినకుండా ఈ ఆల్బమ్ విన్నానని అనుకోవద్దు. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

2. నలుగురు మనుషులు, ఒక క్లబ్బు, ఒక స్టూడియో

పాటలు పెట్టేముందు ఈ కాస్త నేపథ్యం తెలిస్తే చాలు. గిటార్ వాయిస్తూ పాడేది సిడ్ బారెట్. బేస్ గిటార్ రోజర్ వాటర్స్. ఆర్గన్, పియానో రిచర్డ్ రైట్. డ్రమ్స్ నిక్ మేసన్. తర్వాతి కాలపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఇంకా రాలేదు, అతని గిటార్ కోసం వెతక్కండి. బ్యాండ్ పేరు పెట్టింది బారెట్: పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లలోంచి చెరొక ముక్క తీసుకున్నాడు. మొదట్లో వీళ్లు వాయించింది కూడా అమెరికన్ రిథమ్ అండ్ బ్లూసే.

ఆ బాణీని మార్చింది లండన్ రాత్రులు. 1966 డిసెంబరులో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో యూఎఫ్ఓ అనే క్లబ్బు మొదలైంది. అక్కడ గోడల మీదా మనుషుల మీదా రంగుద్రవాల స్లైడ్లు పారుతుంటే ఈ నలుగురూ ఒక్కో పాటను పావుగంట, అరగంట సాగదీసేవారు. నాలుగు నిమిషాలకే చప్పట్లు కొట్టించుకోవాలన్న తొందర లేదు. ఆ స్వేచ్ఛే తర్వాత స్టూడియోకి వచ్చింది.

ఆ స్టూడియో యాబీ రోడ్డులోని ఈఎంఐ వారిది. 1967 ఫిబ్రవరి నుంచి మే నెల దాకా రికార్డింగ్ సాగింది. అదే భవనంలో ఇంకో గదిలో బీటిల్స్ తమ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ చేస్తున్నారు. మార్చిలో ఒకరోజు ఫ్లాయిడ్ కుర్రాళ్లు వెళ్లి వాళ్లను చూసొచ్చారు కూడా. ఫ్లాయిడ్ ప్రొడ్యూసర్ నార్మన్ స్మిత్ 1965 దాకా బీటిల్స్ రికార్డింగుల్లో దాదాపు అన్నిటికీ ఇంజినీరు. ఆయనకు వీళ్ల గంటల కొద్దీ వాయింపు పెద్దగా నచ్చలేదు, చక్కగా కుదిరిన చిన్న పాటలు కావాలి. బ్యాండుకు క్లబ్బులో వాయించినట్టు వాయించాలని ఉంది. ఆల్బమ్‌లో మీకు వినిపించే బిగువు ఈ రెండు కోరికల మధ్యే పుట్టింది. ఆయన పట్టుబట్టకపోతే 'లూసిఫర్ సామ్' అంత గట్టిగా కుదిరేది కాదని నా నమ్మకం. అందుకే ఆయన్ను విలన్‌గా చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

3. నాలుగు ధ్వనులు గుర్తుపట్టడం నేర్చుకోండి

వాయిద్యాలు తెలియకపోతే ఈ ఆల్బమ్ గజిబిజిగా తోస్తుంది. కింది నాలుగూ పట్టుకుంటే ఏ చప్పుడు ఎవరిదో విడదీయగలుగుతారు.

మొదటిది బిన్సన్ ఎకోరెక్. ఇటలీలో తయారైన ఎకో యంత్రం. మిగతా ఎకో యంత్రాలు టేపు వాడితే ఇది తిరిగే లోహపు చక్రం మీద ధ్వనిని రికార్డు చేస్తుంది. ఆ చక్రం చుట్టూ కొన్ని ప్లేబ్యాక్ హెడ్లు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో ఆలస్యంతో అదే స్వరాన్ని తిరిగి పలుకుతుంది. ఒక తీగ మీటితే నాలుగైదు తీగలు వరసగా మోగినట్టుంటుంది. బారెట్ గిటార్ ఎక్కువగా దీని గుండానే వస్తుంది.

రెండోది ఫార్ఫీసా ఆర్గన్. ఇదీ ఇటలీదే. చర్చి ఆర్గన్‌లా గంభీరంగా ఉండదు, సన్నగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. రైట్ దాన్ని కూడా ఎకోకి కలిపి మబ్బులా పరుస్తాడు.

మూడోది స్లైడ్ గిటార్. బారెట్ తీగల మీద సిగరెట్ లైటర్ లాంటి లోహపు వస్తువును జరుపుతూ వాయించేవాడు. స్వరం నుంచి స్వరానికి దూకకుండా జారుతూ పోయే కూత వినిపిస్తే అదే.

నాలుగోది గొంతుకు సంబంధించింది. ఒకే గొంతు రెండుగా, పక్కపక్కన నిలబడి పాడినట్టు అనిపించే చోట్లు చాలా ఉన్నాయి. యాబీ రోడ్డులో 1966లో కనిపెట్టిన పద్ధతి అది: పాడిందాన్నే రెండో టేపు యంత్రం మీద లిప్తపాటు తేడాతో తిరిగి కలుపుతారు. గాయకుడు రెండోసారి పాడనక్కర్లేదు. బారెట్ గొంతులో ఆ పలచటి మెరుపు దాని వల్లే.

ఇవన్నీ నాలుగు ట్రాకుల టేపు మీద చేశారని మాత్రం మరచిపోవద్దు. ఈ రోజు ఫోన్‌లోనే ఎన్ని ట్రాకులంటే అన్ని దొరుకుతాయి. వాళ్లు నాలుగు నిండగానే వాటిని కలిపి ఒకటి చేసి, మళ్లీ ఖాళీ చేసుకుని ముందుకు పోవాలి. కలిపాక వెనక్కి తిరిగే వీల్లేదు.

4. వినే ఏర్పాటు

మొత్తం 42 నిమిషాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. షఫుల్ ఆపండి, ఒక పాటలోకి ఇంకో పాట కరిగిపోయే క్రాస్‌ఫేడ్ సెట్టింగ్ ఉంటే అదీ ఆపండి. స్టీరియోకి హెడ్‌ఫోన్స్, మోనోకి స్పీకర్లు మంచివి. రైల్లోనో బండి మీదో వినే ఆల్బమ్ కాదిది, చిన్న చప్పుళ్లన్నీ రొదలో కొట్టుకుపోతాయి.

ఆరో పాట అయ్యాక ఆపండి. లేచి నీళ్లు తాగి రండి. ఎల్.పి. రోజుల్లో అక్కడ రికార్డు తిప్పేవారు. ఆ విరామం ఆల్బమ్ నిర్మాణంలో భాగం, ఎందుకంటే రెండో సైడు తొమ్మిదిన్నర నిమిషాల పెద్ద వాయింపుతో మొదలవుతుంది. చెవికి కాస్త విశ్రాంతి లేకుండా అందులోకి దూకితే అలసట వస్తుంది, నింద పాట మీద పడుతుంది.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. మత్తుమందు తీసుకుంటేనే ఈ సంగీతం అర్థమవుతుందన్న ప్రచారం ఒకటుంది. దాన్ని పట్టించుకోకండి. వాటర్స్, రైట్, మేసన్ ఈ ఆల్బమ్‌ను మామూలు పనిమంతుల్లా చేశారు. బారెట్ విషయానికొస్తే, ఎల్ఎస్‌డి వాడకం, మానసిక అనారోగ్యం కలగలిసి ఏడాది తిరక్కుండానే అతన్ని బ్యాండుకు దూరం చేశాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది దగ్గరివాళ్లే తలో రకంగా చెబుతారు. ఆ విషాదాన్ని అలంకారంగా వాడుకోవడం అతనికి అన్యాయం. పాటల్లో ఉన్న పదును, హాస్యం, కొలత అతని తెలివివి.

5. మొదటి సైడు

తొలిసారి సాహిత్యం చూడకుండా వినండి. కింద రాసినవి రెండోసారికి.

'ఆస్ట్రానమీ డామినీ' ఒక మనిషి గొంతుతో మొదలవుతుంది. బ్యాండు మేనేజరు పీటర్ జెన్నర్ మెగాఫోన్‌లో గ్రహాల, నక్షత్రాల పేర్లు చదువుతున్నాడు. మాటలు స్పష్టంగా వినపడవు, వినపడాలని చేసింది కూడా కాదు. దూరంనుంచి రేడియో పట్టుకున్నట్టు ఉండాలి. దాని పక్కనే మోర్స్ కోడ్ లాంటి బీప్‌లు, వాటి కిందనుంచి ఒకే స్వరం మీద పట్టుపట్టిన గిటార్. మేసన్ డ్రమ్స్ మీద చెవి పెట్టండి: తాళం కొట్టి ఊరుకోడు, ఉరుముల్లా దొర్లిస్తూ ఉంటాడు. పాడేది బారెట్, రైట్ కలిసి. సాహిత్యంలో బృహస్పతి, శని, యురేనస్ చందమామలైన ఒబెరాన్, మిరాండా, టైటానియా వరసగా వస్తాయి. తమాషా ఏమిటంటే ఆ మూడు చందమామల పేర్లూ షేక్‌స్పియర్ నాటకాల్లోవే, అందులో రెండు యక్షుల రాజూ రాణీవి. అంతరిక్షం పాటలోకే కథల లోకం ఎలా వచ్చి కూర్చుందో చూడండి. అదే పాటలో పిల్లల కామిక్ వీరుడు డాన్ డేర్ కూడా కనిపిస్తాడు. చరణం చివర గొంతులు మెట్టు మెట్టుగా కిందికి జారే చోటు ఈ ఆల్బమ్‌లోని గొప్ప క్షణాల్లో ఒకటి.

'లూసిఫర్ సామ్' సియామీస్ పిల్లి మీద పాట. అప్పటి గూఢచారి సినిమాల బాణీలో నడిచే గిటార్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్క. ఇది అర్థం కావడానికి ఏ సాయమూ అక్కర్లేదు, మొదటి వినికిడిలోనే పట్టేస్తుంది. మీ స్నేహితులకు ఆల్బమ్ పరిచయం చేయాలంటే ఈ పాటతో మొదలెట్టండి.

'మటిల్డా మదర్' దగ్గర ఆగండి. నాకు మొదటి సైడులో అన్నిటికంటే ఇష్టమైన పాట ఇదే. ఆల్బమ్ కోసం మొదట రికార్డు చేయడం మొదలుపెట్టిందీ ఇదే. బారెట్ మొదట హిలేర్ బెలాక్ రాసిన పిల్లల నీతి పద్యాల్లోని పంక్తులు పెట్టుకున్నాడు. వాటి హక్కుదారులు ఒప్పుకోకపోవడంతో సొంతంగా రాయాల్సి వచ్చింది. దానివల్ల పాటకు మేలే జరిగింది. అమ్మ పక్కన కూర్చుని కథ చదువుతోంది, సగంలో ఆపేసింది. "ఊఁ" కొడుతున్న పిల్లాడికి కథ ఆగిపోతే ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఆ పిల్లాడు ఇంకా చెప్పమని బతిమాలుతాడు. పాట అంతే. చరణాలు ఎక్కువ భాగం పాడింది రైట్, అతని గొంతు నిద్రకు ముందటి గొంతులా మెత్తగా ఉంటుంది. బతిమాలే చోట బారెట్ వచ్చి కలుస్తాడు. మధ్యలో ఆర్గన్ ఒంటరిగా సాగే భాగంలో తూర్పు దేశాల రాగచ్ఛాయ మన చెవికి ఇట్టే తగులుతుంది. కథ చెప్పే గొంతు ఆగాక పిల్లాడి తలలో కథ దానంతటదే నడుస్తున్నట్టు ఉంటుందా భాగం. చివర్లో మాటల్లేని ఆలాపనతో పాట తేలిపోతుంది.

'ఫ్లేమింగ్' దాగుడుమూతల ఆట. ఒకడు మబ్బు మీద పడుకుని ఉన్నాడు, అవతలివాళ్లకు కనపడడు. మధ్యలో కీ ఇచ్చే బొమ్మల చప్పుళ్లు, గంటలు వస్తాయి. వాటిని అల్లరిగా కాక వాయిద్యాలుగా వినండి, ఎందుకంటే చివరి పాటలో ఇవే పెద్దవై తిరిగొస్తాయి.

'పౌ ఆర్ టాక్ ఎచ్' నలుగురూ కలిసి కట్టిన వాయింపు. నోటితో చేసిన చప్పుళ్లతో మొదలై, ఉన్నట్టుండి జాజ్ పియానోలోకి దిగి, అక్కణ్నుంచి ఆర్గన్, డ్రమ్స్ కమ్ముకొస్తాయి. ఆరో పాట రోజర్ వాటర్స్ రాసింది, రికార్డు మీదికెక్కిన అతని తొలి రచన. తర్వాతి కాలంలో అతనేం రాశాడో తెలిసినవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది తప్ప ఈ ఆల్బమ్‌లో ఇదే బలహీనమైనది. మధ్యలో గిటార్, ఆర్గన్ పోటీపడే భాగం మాత్రం బాగుంటుంది.

6. రెండో సైడు

'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' 9 నిమిషాల 41 సెకన్లు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చెబుతాను.

దీని పుట్టుక ఇది: జెన్నర్ ఒకరోజు తనకు పేరు గుర్తురాని ఒక పాటను కూనిరాగం తీశాడు. అది లవ్ అనే అమెరికన్ బ్యాండ్ పాడిన 'మై లిటిల్ రెడ్ బుక్'. ఆయన కూనిరాగం సరిగ్గా లేదు, బారెట్ వేళ్లు దాన్ని అలాగే పట్టుకున్నాయి. పక్కపక్క స్వరాల మీదుగా కిందికి దిగే బరువైన రిఫ్ తయారైంది. మొదటి నిమిషం ఆ రిఫ్‌నే వింటారు. దాన్ని బాగా చెవిలో నిలుపుకోండి, కాసేపట్లో అది మాయమవుతుంది.

ఆ తర్వాత పాట విడిపోతుంది. ఒక తాళం లేదు, ఒక శ్రుతి లేదు. ఇక్కడ అన్నిటినీ ఒకేసారి వినడానికి ప్రయత్నిస్తే తల తిరుగుతుంది. ఒక్కో వినికిడికి ఒక్క వాయిద్యాన్నే వెంబడించండి. మొదట బేస్: వాటర్స్ చాలా చోట్ల దారి తప్పకుండా పట్టి ఉంచేవాడు. రెండోసారి డ్రమ్స్: మేసన్ ఎక్కడ కొట్టడం మానేశాడో గమనించండి, అతని మౌనాలే ఈ పాటలో గదుల్ని విడదీసే గోడలు. మూడోసారి ఆర్గన్: గిటార్ గీకుడు శ్రుతి మించినప్పుడల్లా రైట్ కింద ఒక పొడవాటి స్వరం పరుస్తాడు. ఈ మూడూ అయ్యాక గిటార్ దగ్గరికి రండి. బారెట్ ఇక్కడ రాగం వాయించడం లేదు. తీగ మీద గీరడం, తట్టడం, జారడం, ఎకోలో పడేసి అది ఏమంటుందో విని దానికి బదులివ్వడం. యంత్రంతో సంభాషణ అది.

చివరికొచ్చేసరికి నలుగురూ చీకట్లోంచి ఒక్కసారిగా ఆ మొదటి రిఫ్ మీదకు వచ్చి పడతారు. స్టీరియోలో ఆ క్షణాన సంగీతం ఎడమ చెవినుంచి కుడి చెవికి, కుడినుంచి ఎడమకు ఊగుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది దీనికోసమే.

దాని వెనకాలే, ఊపిరి తీసుకునేలోపు, 'ద నోమ్' వస్తుంది. గ్రింబుల్ గ్రాంబుల్ అనే మరుగుజ్జు మనిషి కథ. అంత పెద్ద విశ్వం తర్వాత గడ్డిలో తిరిగే చిన్న జీవి! చాలామంది ఇక్కడ నవ్వేసి ముందుకు జరుపుతారు. జరపకండి. ఆల్బమ్ మొత్తంలో చెప్పదలచుకున్నది ఈ అతుకులోనే ఉంది. బారెట్ గొంతు చెవి పక్కన గుసగుసలాడినంత దగ్గరగా రికార్డయింది, కథ చెప్పే పెద్దమనిషిలా. చుక్కల మధ్య తిరిగినవాడికి గడ్డిపోచ కూడా అంతే ఆశ్చర్యం, ఒక పిసరు కూడా తక్కువ కాదు.

'చాప్టర్ 24' చైనా ప్రాచీన గ్రంథం ఐ చింగ్‌లోని 24వ అధ్యాయం ఆధారంగా రాసింది. తిరిగి రావడం గురించిన అధ్యాయం అది, పొద్దు మళ్లీ పెరగడం మొదలయ్యే శీతాకాలపు అయనాంతంతో ముడిపడింది. డ్రమ్స్ దాదాపుగా ఉండవు, సింబల్స్, గంటలు, ఆర్గన్ మాత్రమే. నెమ్మదిగా వినాల్సిన పాట.

'ద స్కేర్‌క్రో' దిష్టిబొమ్మ మీద. రెండు నిమిషాల పైచిలుకు అంతే. గుర్రపు డెక్కల్లా టకటకలాడే చెక్క తాళం, పాట నడకతో పొసిగీ పొసగనట్టు పక్కన నడుస్తుంది. చేలో కదలకుండా నిలబడ్డ ఆ బొమ్మ తనకంటే విచారంగా ఉందంటాడు గాయకుడు, అంతలోనే అది తన స్థితికి ఒప్పుకుందంటాడు. ఆ తర్వాత గిటార్ మీద వచ్చే ముగింపు పాటకంటే పెద్దదిగా అనిపిస్తుంది.

ఇక 'బైక్'. దీనికి చేత్తో తాళం వేస్తూ వినండి. మొదటి చరణంలోనే తప్పుతారు. తప్పు మీది కాదు, లెక్క సమంగా లేదు. సాధారణంగా పాటలో మాటల్ని కొలతకు సరిపెడతారు. బారెట్ మాట ఎక్కడ అయిపోతే అక్కడ కొలత ముగించేస్తాడు, ఒక మాట ఎక్కువైతే ఇంకో దెబ్బ కలుపుతాడు. బుట్ట ఉన్న, గంట ఉన్న సైకిలును ఒక అమ్మాయికి చూపిస్తాడు, ఇచ్చేద్దామనే ఉంది గానీ అది ఎరువు తెచ్చుకున్నది. తర్వాత ఒక పాత అంగీ, ఇల్లు లేని జెరాల్డ్ అనే ముసలి ఎలుక, బెల్లం రొట్టె బొమ్మలు. తన దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటీ తెచ్చి ఆ అమ్మాయి ముందు పెడుతున్నాడు. పసివాళ్లు ఇష్టాన్ని చూపించేది అలాగే. చివరికి సంగీతం ఉన్న గదిలోకి వెళ్దాం రమ్మంటాడు. తలుపు తీస్తే గడియారాలు, గంటలు, కీ యంత్రాలు అన్నీ ఒక్కసారి మోగుతాయి, వాటి మీద టేపు లూపులో చిక్కిన ఒక వింత నవ్వు తిరుగుతూ ఉంటుంది. అది కొందరికి భయం, కొందరికి సరదా. మీకు ఏదనిపించినా సరే.

7. రెండో మిక్స్‌తో మళ్లీ

కొన్ని రోజులు ఆగి, మీరు వినని మిక్స్ పెట్టండి. మోనోలో ధ్వనులు పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కాబట్టి బ్యాండు ఒక్క గదిలో మీ మీదికి వస్తున్నట్టుంటుంది. 'లూసిఫర్ సామ్', 'ఆస్ట్రానమీ డామినీ' మోనోలో ఎక్కువ బలంగా ఉంటాయని నా అభిప్రాయం. 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' మోనోలో మొదటి నిమిషంలో ఆర్గన్ బాగా ముందుకొస్తుంది, స్టీరియో అలవాటైనవాళ్లకు అది కొత్త పాటలా తోస్తుంది. చివరి ఊపు మాత్రం మోనోలో ఉండదు. రెండూ పక్కపక్కన విన్నవాళ్లకు మిక్సింగ్ కూడా ఒక వాయింపేనని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

8. పేరు వెనకున్న పుస్తకం

ఆల్బమ్ పేరు కెనెత్ గ్రాహం 1908లో రాసిన 'ద విండ్ ఇన్ ద విల్లోస్' పుస్తకంలో ఏడో అధ్యాయం పేరు. పుస్తకమంతా చదవకపోయినా ఆ ఒక్క అధ్యాయం చదవండి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తప్పిపోయిన ఓ నీటికుక్క పిల్లను వెతుక్కుంటూ ఎలుక, చుంచు రాత్రంతా పడవ వేసుకు పోతాయి. తెల్లవారుజామున వేణునాదం వినిపిస్తుంది. దాన్ని పట్టుకుపోతే గ్రీకు పురాణాల్లోని వేణువూదే ప్యాన్ దేవత కాళ్ల దగ్గర పిల్ల నిద్రపోతూ ఉంటుంది. ఆ తర్వాత ఆ దేవత తనను చూసిన జ్ఞాపకాన్ని వాళ్ల మనసులోంచి తీసేస్తాడు. చూసిన అద్భుతం గుర్తుండిపోతే మామూలు బతుకు భారమవుతుందని.

అది చదివాక 'మటిల్డా మదర్', 'ఫ్లేమింగ్', 'ద స్కేర్‌క్రో' మళ్లీ పెట్టండి. కేంబ్రిడ్జిలో నది పక్కన పెరిగిన బారెట్‌కు ఆ అధ్యాయం ఎందుకంత పట్టిందో ఊహించగలుగుతారు. ముందు అట్ట కూడా చేతిలోకి తీసుకుని చూడండి. ఫొటో తీసింది విక్ సింగ్. నలుగురి మొహాలూ మూడు నాలుగు సార్లు విరిగి కలిసిపోయినట్టున్న ఆ చిత్రానికి వాడిన పట్టకం లెన్స్ ఆయనకు జార్జ్ హారిసన్ ఇచ్చినది. వెనక అట్ట మీది నల్లటి నీడబొమ్మ గీసింది బారెట్. అతను బొమ్మలు గీయడం నేర్చుకున్నవాడు, బ్యాండు వదిలాక జీవితంలో ఎక్కువ కాలం కేంబ్రిడ్జిలో బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ గడిపి 2006 జులైలో కన్నుమూశాడు.

9. ఇక్కణ్నుంచి ఎటు

ముందుగా అదే ఏడాది వచ్చిన రెండు సింగిల్స్, 'ఆర్నల్డ్ లేన్', 'సీ ఎమిలీ ప్లే'. రెండోది బ్రిటన్ చార్టుల్లో ఆరో స్థానానికి వెళ్లింది, ఆల్బమ్ చేరిందీ ఆరో స్థానానికే. ఎమిలీలో స్లైడ్ గిటార్ కూత, పియానో వేగం పెరిగే ముక్క గమనించండి.

తర్వాత 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' పొడవాటి రూపం. 1967 జనవరిలో, ఈఎంఐ ఒప్పందానికి ముందు, పీటర్ వైట్‌హెడ్ తీసిన డాక్యుమెంటరీ కోసం రికార్డు చేశారు. దాదాపు 17 నిమిషాలు. క్లబ్బులో వాయించిన తీరు ఎలా ఉండేదో దాంట్లో ఎక్కువ తెలుస్తుంది. దీని పక్కన ఆల్బమ్ రూపం పెడితే నార్మన్ స్మిత్ ఏం కోశాడో, ఏం ఉంచాడో మీరే తేల్చుకోవచ్చు.

1968 జూన్‌లో వచ్చిన 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' చివర్లో బారెట్ పాడిన 'జగ్‌బ్యాండ్ బ్లూస్' ఉంది. అప్పటికే గిల్మోర్ చేరాడు, ఏప్రిల్‌లో బారెట్ వెళ్లిపోయినట్టు ప్రకటించారు. ఆ పాటను ఒంటరిగా కాక ఆ ఆల్బమ్ మొత్తం విన్నాకే వినండి, అప్పుడే దాని బరువు తెలుస్తుంది. బారెట్ సొంత ఆల్బమ్‌లు రెండూ 1970లో వచ్చాయి. 'ద మ్యాడ్‌క్యాప్ లాఫ్స్' ముందు, 'బారెట్' తర్వాత. వాటిలో 'బైక్' నాటి తప్పిన కొలతలు ఇంకా దూరం పోతాయి. వెనక వాయించేవాళ్లు అతన్ని అందుకోవడానికి పడే కష్టం కూడా వినిపిస్తుంది.

ఈ పాటలు వేదిక మీద ఎలా ఉంటాయో వినాలంటే, 1969 నాటి 'అమ్మగమ్మా'లో గిల్మోర్ ఉన్న బ్యాండు వాయించిన 'ఆస్ట్రానమీ డామినీ' ఎనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. అలాగే నిక్ మేసన్ 2018లో ఒక బృందం కట్టి 1973కు ముందటి పాటలు మాత్రమే వాయించడం మొదలుపెట్టాడు. 2020లో వచ్చిన వాళ్ల 'లైవ్ ఎట్ ద రౌండ్‌హౌస్' ఆల్బమ్‌లో 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్', 'లూసిఫర్ సామ్', 'బైక్' ఉన్నాయి. డ్రమ్స్ వెనక కూర్చున్నది 1967లో యాబీ రోడ్డులో కూర్చున్న అదే మనిషి.